స్టాక్స్‌బ్రిడ్జ్ గుట్ట మీద ఒక శనివారం

షెఫీల్డ్‌లో ఉన్న మా ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే మేము తిప్పే చోట్లు ఎప్పుడూ అవే. పీక్ డిస్ట్రిక్ట్ కొండలు, చాట్స్‌వర్త్ భవనం, బొటానికల్ గార్డెన్స్, వాన పడితే మీడోహాల్ షాపింగ్. మొన్న అక్టోబర్‌లో మాత్రం నేనూ మా వాడూ కలిసి ఇంతవరకూ ఏ చుట్టమూ అడగని ఊరికి వెళ్ళొచ్చాం. షెఫీల్డ్‌కి పది మైళ్ళ దూరం కూడా ఉండదు. పేరు స్టాక్స్‌బ్రిడ్జ్. పదమూడు, పధ్నాలుగు వేల జనాభా, లోయలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ, గుట్ట మీద ఒక చిన్న ఫుట్‌బాల్ గ్రౌండ్. మేము వెళ్ళింది ఆ గ్రౌండ్ కోసమే.

ఎందుకో చెప్పాలంటే ముందు మా వాడి సంగతి చెప్పాలి. వాడికి పదకొండు నిండాయి. ఆగస్టు చివరి వారంలో పుట్టాడు. ఈ దేశంలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు. సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్ళంతా ఒకే తరగతి. ఫుట్‌బాల్ టీముల్లోనూ అదే లెక్క. అంటే మా వాడి పక్కన నిలబడే పిల్లాడు వాడికన్నా దాదాపు ఏడాది పెద్దవాడై ఉండొచ్చు. ఆ వయసులో ఏడాదంటే మాటలా? భుజం దాకా వస్తాడు మా వాడు. ఒక క్లబ్బు వాళ్ళు సెప్టెంబర్‌లో మూడు వారాలు ట్రయల్స్ పెట్టి, ఆఖరి రోజున పిల్లల ముందే పేర్లు చదివారు. వీడి పేరు రాలేదు. కోచ్ మర్యాదగానే చెప్పాడు, బాగా ఆడతాడు కానీ కాస్త చిన్నగా ఉన్నాడు, ఎదిగాక చూద్దాం అని. కారులో ఇంటికొచ్చేదాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. బూట్లు తీసుకెళ్ళి గరాజ్‌లో పడేశాడు.

నేను చదివింది బి.ఎస్సీ. ఫిజిక్స్. ఏదైనా మనసుకి పట్టకపోతే దాని గురించి చదవడం నాకున్న జబ్బు. ఆ రాత్రి చదివితే తెలిసింది, దీనికి ఓ పేరు కూడా ఉందని. పుట్టిన నెల ప్రభావం. పెద్ద క్లబ్బుల అకాడమీల్లో చూస్తే సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో పుట్టిన పిల్లలు ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువమంది, వేసవిలో పుట్టినవాళ్ళు తక్కువమంది ఉంటారట. వాళ్ళు ఎంచుతున్నది ఆటనో ఎత్తునో వాళ్ళకే స్పష్టంగా తెలియదన్నమాట. ఇది చదివి నాకు కోపం తగ్గలేదు గానీ, ఆ చదువులోనే ఈ ఊళ్ళోనే పుట్టిన జేమీ వార్డీ పేరు మళ్ళీ కనబడింది. లెస్టర్ టీము స్ట్రైకర్‌గా అందరికీ తెలిసిన పేరే. మా వాడికి ఆ పేరు చెబితే, "ఆయన లెస్టర్ కదమ్మా, ఇక్కడివాడు కాదు" అన్నాడు. కాదు నాన్నా, ఇక్కడివాడే, పద చూపిస్తానన్నాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "పిల్లాడికి లేనిపోని ఆశలు పెట్టకు. అలాంటివాడు లక్షలో ఒకడు" అన్నారు. ఆ మాట నిజమే. నిజం కాబట్టే బస్సెక్కేదాకా నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

వెళ్ళే దారి చెబుతాను, మీలో ఎవరైనా ఇటు వస్తే పనికొస్తుంది. షెఫీల్డ్ మధ్యలో పసుపు లైన్ ట్రామ్ ఎక్కి చివరి స్టాపు మిడిల్‌వుడ్‌లో దిగాలి. అక్కడినుంచి ఊటీబ్రిడ్జ్, డీప్‌కార్ మీదుగా బస్సు. ఆ ఊటీబ్రిడ్జ్ పేరు వింటే మనకి ఊటీ గుర్తొస్తుంది గానీ, చలి తప్ప రెండిటికీ పోలికేమీ లేదు. ట్రామ్ హిల్స్‌బరో మీదుగా వెళుతుంది. షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు పెద్ద స్టేడియం అక్కడే. 1867లో పుట్టిన క్లబ్బది. అసలీ ఊరే ఫుట్‌బాల్‌కి పుట్టినిల్లు. ప్రపంచంలో ఇప్పటికీ ఆడుతున్న క్లబ్బుల్లో అన్నిటికన్నా పాతది 1857 నాటి షెఫీల్డ్ ఎఫ్‌సీ. 1987 జనవరిలో పుట్టిన వార్డీ చిన్నప్పుడు ఆ వెన్స్‌డే క్లబ్బు పిల్లల టీములో ఉండేవాడు, ఆ క్లబ్బంటే ప్రాణం. పదహారేళ్ళప్పుడు పంపించేశారు. కారణం, చిన్నగా ఉన్నాడని.

ఇది విన్నాక మా వాడు కిటికీలోంచి స్టేడియం గోడ కనుమరుగయ్యేదాకా చూశాడు. ఏమీ అనలేదు.

బస్సులో మిగతా కథ చెప్పాను. కొంతకాలం ఆటే వదిలేశాడట. తర్వాత ఈ గుట్ట మీది స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ కుర్రాళ్ళ టీములో చేరాడు. 2007కల్లా పెద్దవాళ్ళ టీములోకి వచ్చాడు. వారానికి 30 పౌండ్లు ఇచ్చేవారు. ఆ డబ్బుతో ఎవరు బతకగలరు? పగలంతా ఒక ఫ్యాక్టరీలో పని. బలహీనమైన కాళ్ళకి ఊతంగా కట్టుకునే స్ప్లింట్లు తయారుచేసే చోటు. సాయంత్రం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. 2007లో ఒక గొడవలో చెయ్యి చేసుకున్నందుకు కోర్టు వార్డీకి శిక్ష వేసింది. వినికిడి మిషన్ పెట్టుకున్న స్నేహితుణ్ణి ఎవరో ఏడిపిస్తుంటే అడ్డం వెళ్ళానని తర్వాత చెప్పుకున్నాడు. ఆరు నెలలు కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్, సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఉండాలి. దూరపు ఊళ్ళో మ్యాచ్ ఉంటే ఓ గంట ఆడి, మధ్యలోనే బయటికొచ్చి, కంచె దూకి అమ్మానాన్నల కారెక్కి ఇంటికి పరుగు. మా వాడికి ఈ కంచె దూకడం తెగ నచ్చింది. నాకు మాత్రం ఆ కారు నడిపిన తల్లిదండ్రుల మొహాలు ఎలా ఉండి ఉంటాయా అనిపించింది. శనివారం శనివారం ఇంజన్ ఆన్ చేసి గేటు బయట ఎదురుచూడటం.

ఇంకో సంగతి కూడా దాచలేదు. 2015లో పేరొచ్చాక, ఒక క్యాసినోలో తూర్పు ఆసియా మనిషిని జాతి పేరుతో తిట్టిన వీడియో బయటపడింది. క్షమాపణ చెప్పాడు, క్లబ్బు జరిమానా వేసింది. మన రంగు పిల్లాణ్ణి ఈ దేశంలో పెంచుతూ, ఒకాయన్ని చూపించి ఇలా అవ్వమని అంటున్నానంటే, ఈ సంగతి నా నోటినుంచి వినడమే మంచిది కదా. స్కూల్లో ఎవరో చెబితే అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?

"మరి మంచివాడా చెడ్డవాడా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. బాగా పరిగెత్తుతాడన్నాను. వాడు నవ్వాడు.

స్టాక్స్‌బ్రిడ్జ్ లిటిల్ డాన్ అనే చిన్న నది లోయలో పొడుగ్గా పరుచుకుని ఉంటుంది. బస్సు దిగితే ముందు కనబడేది ఫ్యాక్టరీ షెడ్లు. 1842లో శామ్యూల్ ఫాక్స్ అనే ఆయన ఇక్కడ ఒక పాత మిల్లు తీసుకుని తీగలు లాగడం మొదలుపెట్టాడు. ఆ తీగలనుంచే గొడుగు వచ్చింది. అంతకుముందు గొడుగు చువ్వలు తిమింగలం ఎముకతో చేసేవారు, బరువు. ఫాక్స్ 1852లో ఉక్కు చువ్వని సన్నటి కాలవలా, అంటే ఇంగ్లీషు యు అక్షరంలా మడిచాడు. నిండు కడ్డీ కన్నా తక్కువ లోహం, అయినా సులువుగా వంగదు. డిగ్రీలో మేము వారాల తరబడి లెక్కలు కట్టిన సంగతి ఇదే. ఆ లెక్కకి ఇలా వానలో పనికొచ్చే రూపం ఉంటుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మీ హ్యాండ్‌బ్యాగులో గొడుగుంటే తెరిచి చువ్వని వేలితో తడిమి చూడండి, చాలావాటిలో ఆ గాడి తగులుతుంది. ఫ్యాక్టరీ స్థలంలో కొంత భాగంలో ఇప్పుడు ఫాక్స్ వ్యాలీ అని షాపింగ్ సెంటర్ కట్టారు. క్లబ్బు పేరులోని స్టీల్స్ ఆ ఉక్కుదే. 1986లో రెండు పాత క్లబ్బులు కలిస్తే ఇది పుట్టింది, అందులో ఒకటి ఫ్యాక్టరీ వాళ్ళది.

ఫ్యాక్టరీ జీతం మీద బతుకుతూ ఫుట్‌బాల్ ఆడటం నాకు కొత్త కాదు. మా తాతయ్య హైదరాబాద్ సిటీ పోలీస్ టీము గురించి చెబుతుండేవారు. రహీం సాబ్ కోచింగ్‌లో 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన టీమది. ఆ ఆటగాళ్ళకి నెలజీతం పోలీసు ఉద్యోగం. ఆట అంటే ఉద్యోగానికి తోడుగా ఉండేది.

అక్కడినుంచి గ్రౌండ్‌కి బ్రాకెన్ మూర్ లేన్ అనే రోడ్డు. నిటారుగా ఎక్కాలి. నాకు రొప్పు వచ్చింది, మా వాడు ముందుకెళ్ళి నిలబడి నన్ను చూసి జాలిపడ్డాడు. పైకి వెళ్ళాక గాలి! చలికోటు మీద ఇంకో చలికోటు వేసుకోండి, సిగ్గుపడొద్దు. టికెట్ సినిమా కన్నా తక్కువే, పిల్లలకి ఇంకా తక్కువ. పసుపు, నీలం రంగులు. నాలుగువైపులా రెయిలింగు, దానికి ఆనుకుని జనం, కుక్కలు. ఒక స్టాండుకి వార్డీ పేరు పెట్టారు. పెద్దదేం కాదు, మన ఊళ్ళలో బస్టాండు షెల్టరుకి నాలుగింతలు ఉంటుందేమో. మా వాడు దాని కింద నిలబడి ఫోటో దిగాడు. గ్రౌండ్ చదునుగా లేదు. ఒకవైపు స్పష్టంగా వాలు. ఒక సగం ఆటలో కొట్టిన బంతి దానంతట అదే దూరం పోతుంది, ఇంకో సగంలో గుట్ట ఎక్కించాలి.

టీ కౌంటర్ దగ్గర అరవై దాటిన ఒకావిడ ఉన్నారు. మాంసం పై, బోవ్రిల్ తప్ప శాకాహారులకి ఏముంటుందని భయపడుతూ అడిగితే, చిప్స్ ఇచ్చి పక్కన ఒక సీసా పెట్టి "ఇది వేసుకో, లవ్" అన్నారు. హెండర్సన్స్ రెలిష్. షెఫీల్డ్‌లో 1885 నుంచి తయారవుతోంది, చేపా మాంసమూ ఏదీ ఉండదు. లేబుల్ చదివితే చింతపండు, లవంగం! ఆ గాలిలో, ఆ గుట్ట మీద, చింతపండు పులుపు తగిలేసరికి నాకు కళ్ళు చెమర్చాయంటే నవ్వకండి.

వార్డీ కోసం వచ్చామని ఆవిడకి చెప్పాను. ఆవిడ కప్పులు తుడుస్తూ, అందరూ అతని గురించే అడుగుతారు, ఇవాళ ఆడేవాళ్ళ పేర్లు ఎవరూ అడగరు అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. నాకు చెంప మీద కొట్టినట్టయింది. వెళ్ళి ఆ రోజు ఆటగాళ్ళ పేర్ల కాగితం తెచ్చుకున్నాను.

అప్పటినుంచీ నేను తొమ్మిదో నంబరు అతన్నే చూస్తూ కూర్చున్నాను. ముప్పై దాటి ఉంటాయి. వెనకాల నిలబడ్డవాళ్ళ మాటల్ని బట్టి పగలు ఎలక్ట్రీషియన్. స్ట్రైకర్ అంటే గోల్ కొట్టేవాడనే నాకు తెలుసు. కానీ తొంభై నిమిషాల్లో వాడు చేసే పని చాలావరకు ఎదురుచూడటమే. ఎదుటి టీము చివరి డిఫెండర్ భుజం పక్కన నిలబడతాడు. బంతి వస్తుందేమోనని పరిగెత్తుతాడు, రాదు. వెనక్కి నడుస్తాడు. మళ్ళీ పరిగెత్తుతాడు, ఆఫ్‌సైడ్ జెండా లేస్తుంది. మళ్ళీ వెనక్కి. బురదలో పడతాడు, లేస్తాడు, రిఫరీ వైపు చూస్తాడు, రిఫరీ చూడడు. మొత్తం మీద నిజమైన అవకాశం రెండుసార్లు వచ్చింది. ఒకటి కీపర్ ఆపాడు, ఒకటి పైకి పోయింది. ఆ రెండోదానికి రెయిలింగు దగ్గర ఒక ముసలాయన అన్న మాట ఇక్కడ రాయలేను. అయినా తొమ్మిదో నంబరు అతను నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండు క్షణాలు ఆగి, మళ్ళీ వెళ్ళి ఆ డిఫెండర్ భుజం పక్కనే నిలబడ్డాడు.

వార్డీ ఇక్కడినుంచి పైకి వెళ్ళడానికి ఒక కారణం అతని కాళ్ళలోని వేగం. ఇంకో కారణం ఈ దేశపు ఫుట్‌బాల్‌లో మెట్లు ఉండటం. పైన ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు లీగులు, ఐదో మెట్టు నేషనల్ లీగ్, ఇంకా కిందికి వెళ్ళేకొద్దీ ప్రాంతాల లీగులు. గెలిచిన టీము పైమెట్టుకి, ఓడింది కిందికి. అతను ఆడుతుండగానే 2009లో స్టాక్స్‌బ్రిడ్జ్ ఎనిమిదో మెట్టునుంచి ఏడోదానికి ఎక్కింది. 2010లో హాలిఫాక్స్ వాళ్ళు 15,000 పౌండ్లు ఇచ్చి తీసుకెళ్ళారు. అక్కడ ఆ లీగ్ గెలిచాడు. మరుసటి ఏడాది సముద్రం ఒడ్డున ఉండే ఫ్లీట్‌వుడ్, ఐదో మెట్టు, 36 లీగ్ మ్యాచుల్లో 31 గోల్స్. 2012లో లెస్టర్ పది లక్షల పౌండ్లు పెట్టింది, ఆ కింది లీగులనుంచి ఎవరికీ అంత ధర అప్పటిదాకా పలకలేదు. అప్పటికి పాతికేళ్ళు.

కథ అక్కడ సుఖాంతం అనుకుంటాం. మొదటి ఏడాది లెస్టర్‌లో గోల్స్ పెద్దగా రాలేదు. జనం ఊరుకోలేదు. ఆట మానేద్దామనుకున్నాడు, మేనేజర్ నైజెల్ పియర్సన్ కూర్చోబెట్టి మాట్లాడి ఆపాడు. 2014లో ఆ టీము ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది. 2015 నవంబర్ 28న మాంచెస్టర్ యునైటెడ్ మీద గోల్ కొట్టి, వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచుల్లో గోల్ చేసిన మొదటివాడయ్యాడు. ఆ సీజన్లో, సీజన్ మొదట్లో 5000కి ఒకటి అని పందెం కట్టిన లెస్టర్ ఛాంపియన్ అయింది. 2020లో 33 ఏళ్ళ వయసులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. 2025లో లెస్టర్ వదిలేటప్పటికి 500 మ్యాచులు, 200 గోల్స్. ఇవన్నీ మా వాడికి నాకన్నా బాగా తెలుసు.

వాడికి తెలియనిది ఒకటుంది. ఎఫ్‌ఏ కప్ అనేది ఈ చిన్న క్లబ్బులు కూడా ఆడే పోటీ. ఆగస్టులో ఇలాంటి గుట్టల మీద మొదటి రౌండ్లు మొదలై, మే నెలలో వెంబ్లీలో ఫైనల్‌తో ముగుస్తుంది. 2021 ఫైనల్ ఆడినప్పుడు వార్డీ ఒక లెక్క పూర్తిచేశాడు. కింది రౌండ్లనుంచి ఫైనల్ దాకా ఆ కప్పులో ప్రతి రౌండ్లోనూ ఆడిన మొదటి మనిషి. పెద్ద అకాడమీలో ఎదిగినవాడికి ఆ లెక్క ఎలా కుదురుతుంది? కింది రౌండ్లు వాళ్ళు ఆడరు కదా.

అయితే మా ఆయన మాట మరిచిపోలేదు. ఆ రోజు మైదానంలో ఉన్న ఇరవై రెండుమందిలో ఒక్కరూ లెస్టర్‌కి వెళ్ళకపోవచ్చు. సోమవారం పొద్దున ఎవరి పని వాళ్ళది. నేను మా వాడికి చూపించాలని వచ్చింది లక్షలో ఒకణ్ణి. చూస్తున్నది మాత్రం మిగతావాళ్ళని. వద్దన్న తర్వాత కూడా ఆడటానికి ఒక చోటు ఉండటం, టీ ఇచ్చే ఒకావిడ, గీతలు గీసే ఒకాయన ఉండటం. అది లేకపోతే ఆ ఒక్కడూ ఉండేవాడు కాదు. ఆ ఒక్కడు లేకపోయినా ఇది ఉండేది.

స్టీల్స్ ఓడిపోయారు. ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేదు. విజిల్ ఊదగానే గోల్ వెనకాల వాలు మీద పిల్లలు ఆడటం మొదలుపెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు, ఒకామె గోల్ కీపర్. 1921 నుంచి యాభై ఏళ్ళు ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు తమ గ్రౌండుల్లో ఆడవాళ్ళని ఆడనివ్వలేదు. ఆ సంగతి ఆ గోల్ కీపర్‌కి తెలుసో తెలియదో, పెద్ద గొంతుతో మగపిల్లల్ని అదిలిస్తోంది.

మా వాడు రెయిలింగు పట్టుకుని చూస్తున్నాడు. నేనెందుకో అప్పుడు చెప్పాను, మా ఆయనకి కూడా చెప్పని సంగతి. ఆ నెలలోనే ఒక స్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి అప్లై చేశాను. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి. రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, ఇటీవలి అనుభవం లేదని.

"నాకూ మొన్న నో చెప్పారు నాన్నా."

"ఎందుకు? నువ్వు కూడా పొట్టిగా ఉన్నావనా?"

పొట్టిగానే ఉన్నాననుకో, అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, చిప్స్ కాగితం నా చేతిలో పెట్టి రెయిలింగు కిందినుంచి దూరాడు. ట్రైనర్లు వేసుకొచ్చాడు, బూట్లు గరాజ్‌లోనే ఉన్నాయి. వాలు మీద రెండుసార్లు జారాడు. ఎవరో పేరడిగారు, చెప్పాడు, వాళ్ళకి పలకడం రాలేదు, "నంబర్ నైన్" అని పిలవడం మొదలుపెట్టారు. కింద రోడ్డు మీద మా బస్సు వెళుతూ కనబడింది. వాణ్ణి పిలవలేదు. టీ కౌంటర్ మూస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి తర్వాతి బస్సు ఎప్పుడని అడిగాను.